విల్లుకు దుంగ అక్కర్లేదు

నంద్యాల జిల్లా అటవీ అధికారి గారికి బహిరంగ లేఖ



అడగదలచింది ముందే అడిగేస్తాను. చలికాలంలో ఫైర్‌లైన్లు శుభ్రం చేయించేటప్పుడు, ప్లాంటేషన్లలో చెట్లు పలచన చేయించేటప్పుడు, కరెంటు తీగల కింద పెరిగినవి కొట్టించేటప్పుడు మీ సిబ్బంది సన్న కర్రలు చాలా నరికి పక్కన పడేస్తారు. వాటిలో మణికట్టు మందానికి తగ్గకుండా, మనిషెత్తు పొడవున్నవి ఏటా కొన్నింటిని విల్లులు చెక్కేవాళ్లకు ఇప్పించండి. కర్రతో పాటు ఒక కాగితం కూడా ఇప్పించండి: ఇది ఫలానా చోట కొట్టింది, ఫలానా అధికారి ఇచ్చారు అని. రెండింటిలో ఆ కాగితమే నాకు ముఖ్యం. ఎందుకో కింద రాస్తాను.

నేను ఆళ్లగడ్డవాణ్ణి. బడిపిల్లలకు విలువిద్య మొదటి పాఠాలు చెబుతుంటాను. తీరిక దొరికితే కర్ర విల్లు చెక్కుకుంటాను. మా ఊరి పేరు చెబితే జనానికి రాతి శిల్పాలు గుర్తొస్తాయి. ఏ రాయి ఉలికి లొంగుతుందో, ఏది పొరలుగా లేచిపోతుందో మా శిల్పులకు తెలిసినంత ఎవరికీ తెలియదని అందరూ ఒప్పుకుంటారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అహోబిలం ఇక్కడికి ఎంతో దూరం లేదు. అక్కడి చెంచు గూడేల్లో కర్రను అంత బాగా ఎరిగినవాళ్లు ఉన్నారు. వాళ్లను పిలిచి అడిగేవాళ్లే లేరు.

కనుమనాడు మొదలయ్యే పారువేట మీకు తెలియనిది కాదు. నరసింహస్వామి పల్లకి ఎక్కి కొండ దిగి, నలభై రోజులకు పైగా ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి, ఫాల్గుణంలో జరగబోయే తన పెళ్లికి జనాన్ని పిలుచుకుంటాడు. చెంచులక్ష్మి చెంచుల ఇంటి ఆడపడుచు, స్వామి వాళ్లకు అల్లుడు. అందుకే ఆ వేడుకలో విల్లమ్ములు పట్టే హక్కు వాళ్లది. అయితే పండగకు పట్టే విల్లు వేరు, రోజూ బాణం వేసే విల్లు వేరు. ఒక పూటకు వంచిన వెదురుబద్ద వేడుకకు సరిపోతుంది. బడుల పోటీల్లో ఇండియన్ రౌండ్ అని ఒకటి ఉంది. యాభై మీటర్లు, ముప్పై మీటర్ల దూరాలకు వెదురు విల్లుతోనో కర్ర విల్లుతోనో వేయాలి. దానికి ఏడాది పొడవునా వంగి లేచే విల్లు కావాలి. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చిన మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ చేతిలోది చక్రాలూ తీగలూ ఉన్న కాంపౌండ్ విల్లు. అది కొనాలంటే లక్షలు. మా పల్లె పిల్లలకు మొదటి మెట్టు కర్ర విల్లే.

ఆ మెట్టు దగ్గరే తప్పటడుగు పడుతోంది. పిల్లవాడికి విల్లు చేయించాలనుకున్న తండ్రి నేరుగా నంద్యాల టింబర్ డిపోకు పోతాడు. గట్టి చెక్క ఇమ్మంటాడు. వాళ్లు టేకు చూపిస్తారు. డబ్బుంటే మలేసియా నుంచో ఆఫ్రికా నుంచో వచ్చిన బరువు చెక్క చూపిస్తారు. వడ్రంగి దాన్ని నున్నగా చిత్రిక పట్టి, వార్నిషు వేసి ఇస్తాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నాలుగు రోజులకు నిలువునా చీలుతుంది. కర్ర చెడ్డది అంటారు. కర్ర మంచిదే, ఎంచిన పద్ధతే తప్పు.

గట్టిదనానికీ వంగి లేవడానికీ సంబంధం తక్కువ. విల్లు లాగినప్పుడు గురివైపు ఉన్న ముఖం, అంటే వీపు, సాగుతుంది. మనవైపు ఉన్న ముఖం, కడుపు, నొక్కుకుంటుంది. ఒకే కర్రలో అర అంగుళం తేడాతో రెండు వ్యతిరేకమైన పనులు జరుగుతాయి. పోగులు తిన్నగా ఉంటే ఏ కర్ర అయినా నొక్కుడు కన్నా సాగుడుకే ఎక్కువ తట్టుకుంటుంది. కాబట్టి మంచి కర్రలో ముందు లొంగిపోయేది కడుపు. సన్నటి అడ్డ మడతలు పడి చెబుతుంది. వీపు చీలిందంటే చాలాసార్లు పోగు తెగిందనే అర్థం. చెక్కను పలకగా కోసినప్పుడు రంపం తన దారిన తాను పోతుంది, పోగు దారిన పోదు. పోగు ఏటవాలుగా పైకి తేలిన చోట చీలిక మొదలవుతుంది. డిపోలో పలక కొన్న రోజే ఆ విల్లు తలరాత రాసేసినట్టు.

ఇంకో సంగతి మందం. విల్లు బిగువు వెడల్పుతో మామూలుగా పెరుగుతుంది, మందంతో మాత్రం మూడింతల వేగంతో పెరుగుతుంది. మందం పదో వంతు పెంచితే బిగువు మూడో వంతు పెరుగుతుంది. ఒక చోట బాడిశ ఒక్క దెబ్బ ఎక్కువ పడితే అక్కడే విల్లు విరుగుతుంది. అందుకని బరువు కర్ర అయితే విల్లు సన్నగా ఉండొచ్చు, తేలిక కర్ర అయితే వెడల్పుగా, పలచగా ఉండాలి. ఏ కర్రకైనా ఒకే కొలత చెప్పే వడ్రంగి దగ్గర విల్లు చేయించుకోవద్దని పిల్లల తండ్రులకు చెబుతుంటాను. నా మాట వినేవాళ్లు తక్కువనుకోండి.

ఇక మన నల్లమల చెట్ల దగ్గరికి వద్దాం. మీ ముందు చెట్ల పేర్లు ఏకరువు పెట్టడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే అయినా, విల్లు చెక్కేవాడి కంటితో ఒకసారి చూడమని అడుగుతున్నాను.

టేకు తలుపుకు రాజు. ఎండకూ వానకూ ఉబ్బదు, కుంగదు. ఆ గుణం వల్లే దానికి ఆ ధర. కానీ అదాటున పడే దెబ్బను తట్టుకోవడంలో అది మామూలు కర్ర. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ మన దేశపు కలపల బలాబలాలను టేకు 100 అనుకుని లెక్కకట్టింది. దెబ్బకు ఓర్చే గుణంలో టేకును దాటిపోయే కర్రలు అందులో చాలా ఉన్నాయి. వాటిలో రెండు మన కొండల మీదే పెరుగుతాయి: చిరిమాను, చరచి.

చిరిమానును కొందరు తిరుమాను అంటారు. దాని బంక గిరిజనులు ఏరి అమ్మేది కాబట్టి మీ రికార్డుల్లో బంక చెట్టుగానే ఎక్కువ కనిపిస్తుందేమో. రైతుకు మాత్రం అది గొడ్డలి కామ, బండి ఇరుసు. గొడ్డలి దెబ్బ ప్రతిసారీ కామ మీదికి తిరిగి వస్తుంది, బండి గుంతలో పడ్డ ప్రతిసారీ ఇరుసు మీద పడుతుంది. ఆ రెండు పనులకూ తరతరాలుగా ఎంచుకున్న కర్ర విల్లుకు పనికొస్తుందని చెప్పడానికి పరీక్షశాల అక్కర్లేదు. బరువైన కర్ర, పోగు సన్నం, తెల్లచెక్క కూడా గట్టిదే. ఎండేటప్పుడు మాత్రం మొండికేస్తుంది, మెలి తిరుగుతుంది, నెర్రెలిస్తుంది.

చరచిని కొన్నిచోట్ల తడ అంటారు. ఉత్తరాదివాళ్ల ధామన్ ఇదే. చిరిమాను కన్నా తేలిక, లేవడంలో దానికన్నా చురుకు. కావడి బద్దలకు, పడవ తెడ్లకు, బండి నొగలకు దీన్ని వాడేవాళ్లు. కావడి బద్ద అంటే రోజంతా వంగుతూ లేస్తూ ఉండేదే కదా. మధ్య భారతంలో విల్లులకు పేరున్న కర్ర ఇది. నన్ను ఒక్క చెట్టే ఎంచుకోమంటే దీన్నే ఎంచుకుంటాను. చిరిమాను చెక్కేవాడి ఓపికను పరీక్షిస్తుంది, చరచి చెయ్యి పట్టుకుని నేర్పిస్తుంది.

ఏపి సంగతి వేరు. మన దేశంలో అత్యంత బరువైన కలపల్లో అదొకటి, నీళ్లలో వేస్తే మునుగుతుంది. బరువు చూసి మోసపోయేవాళ్లు దాన్నే అడుగుతారు. స్తంభానికి, దూలానికి దానికి సాటి లేదు. విల్లుగా అది రంపాన్నీ చెక్కేవాణ్ణీ ఇద్దర్నీ అరగదీస్తుంది. చండ్ర రోకలికి పుట్టిన చెట్టు. నొక్కుడుకు బాగా ఓరుస్తుంది. అందుకని వెదురు వీపుకు కడుపుగా అతికితే పనికొస్తుంది, ఒంటరిగా వాడితే వీపు నమ్మలేం. నల్లమద్ది, ఏగిస మంచి కలపలే. కానీ వాటి పోగులు ఒక పొరలో ఇటూ ఇంకో పొరలో అటూ వాలి అల్లుకుని ఉంటాయి. తేమ పట్టిన దూలం చీలకుండా ఆపే ఆ అల్లికే సన్నటి విల్లులో శత్రువవుతుంది. ఉష్ణమండలపు బరువు కలపల్లో ఈ జబ్బు చాలావాటికి ఉంది. విదేశీ పలకలు కొనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే. ఒక చిన్న ముక్కను గొడ్డలితో చీల్చి చూడండి. చీలిక తిన్నగా పోతే విల్లు, పళ్లలా ఎగుడుదిగుడుగా లేస్తే బల్ల చేయించుకోండి.

ఎర్రచందనం పేరు ఈ లేఖలో ఎత్తాలా వద్దా అని ఆలోచించాను. ఎత్తకపోతే దాచినట్టవుతుంది. శేషాచలం నుంచి మన నల్లమల దక్షిణపు కొస దాకా అది పెరుగుతుంది. విల్లుకు అది వద్దు, ఒక్క పుల్ల కూడా వద్దు. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార ఆంక్షల జాబితాలో ఉన్న చెట్టు అది. కానీ దాని నీడ మా మీద పడుతుంది. ఈ దారుల్లో మనిషెత్తు కర్ర భుజాన వేసుకుని నడిచే మనిషిని చూస్తే చెక్‌పోస్టులో ముందు వచ్చే అనుమానం అదే. అనుమానించడం వాళ్ల ఉద్యోగం, తప్పు పట్టను. చిరిమాను కర్రకు కాగితం అడుగుతున్నది అందుకే.

అసలు విషయం ఇప్పుడు. చలిదేశాల్లో చెట్టుకు ఏటా ఒక వలయం ఏర్పడుతుంది, లెక్కపెట్టేంత స్పష్టంగా. అక్కడివాళ్లు పెద్ద దుంగను చీల్చి, ఒకే వలయాన్ని పట్టుకుని కొస నుంచి కొస దాకా చెక్కుకుంటూ పోతారు. ఆ వలయమే విల్లు వీపు, ఎక్కడా పోగు తెగదు. మన చెట్లలో టేకు లాంటి కొన్నింటిని తప్పిస్తే వలయాలు కంటికి ఆనవు. పట్టుకోవడానికి గీతే లేదు. కాబట్టి పుస్తకాల్లో చదివిన పాశ్చాత్య పద్ధతి మన కలప మీద నడవదు. మన పద్ధతి ఇంకా సులువు. చెట్టు తన పై పొరను తానే తెగకుండా పేర్చుకుని ఉంటుంది. సన్నటి తిన్నటి కర్రను తెచ్చి, బెరడు మాత్రం ఒలిచి, ఆ కింది ముఖాన్ని ఉలి తగలకుండా వీపుగా ఉంచి, రెండో వైపు నుంచే చెక్కుకుంటూ రావాలి. అంటే విల్లుకు పెద్ద చెట్టు అవసరమే లేదు. మోడు నుంచి లేచిన పిలక చాలు. నీడలో, ఇరుకులో, వెలుతురు కోసం పైకి సాగిన పిలక మరీ మంచిది. దానికి పక్క కొమ్మలు తక్కువ, ముడులు తక్కువ.

మీ శాఖ కలపను చుట్టుకొలతతో లెక్కకడుతుంది. ఆ లెక్కలో పిలకకు విలువ లేదు. విల్లు లెక్కలో దుంగకు విలువ లేదు. ఇద్దరికీ తగువు లేని చోటు ఇదొక్కటే.

చిరిమాను, చరచి రెండూ కొట్టిన మోడు నుంచి మళ్లీ చిగురించేవే. ఒకసారి కొట్టిన మోళ్లను మేకల నోటి నుంచి కాపాడితే అవే మోళ్లు మళ్లీ మళ్లీ కర్రలిస్తాయి. చెట్టు చావదు, వేరు కదలదు.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఆయుధాగారం గురించి చెబుతూ విల్లుకు తాటి, ఒక జాతి వెదురు, కర్ర, కొమ్ము అని నాలుగు సరుకులు చెప్పాడు. అల్లెతాటికి చాగనార, జిల్లేడునార, జనపనార, వెదురు, నరం లాంటివి చెప్పాడు. నాకు ఆశ్చర్యం ఆ మొదటి పేరు. తాటిమానుతో విల్లేమిటని నవ్వేవాళ్లుంటారు. అమెజాన్ అడవుల్లోనూ న్యూగినీలోనూ తాటి కుటుంబపు చెట్ల నల్లటి పైచెక్కతో విల్లులు చేసుకునే జనం ఉన్నారు. ముదురు తాటికి లోపల మెత్తన, పైన ఇనుము. ఆ పై రెండు అంగుళాల్లో నల్లటి నార పోగులు కొస నుంచి కొస దాకా తెగకుండా నడుస్తాయి. దాన్ని కోయడానికి అడవికి పోనక్కర్లేదు, పొలం గట్టు మీద ఎండిపోయిన చెట్టు చాలు. మన జిల్లాలో తాళ్లు కోస్తాలో ఉన్నంత లేవు, ఉన్నవాటితో ప్రయత్నించే కుర్రాళ్లు కావాలి.

అలెగ్జాండరు వెంట వచ్చిన నియార్కస్ మాటలను అర్రియన్ రాసిపెట్టాడు: ఇక్కడి కాలిబంట్ల విల్లు మనిషెత్తు ఉండేదనీ, కింది కొసను నేలకు ఆన్చి ఎడమకాలితో తన్నిపెట్టి లాగేవాళ్లనీ. అంత పొడవు విల్లుకు తిన్నటి కర్రే ఆధారం. కొమ్ము, నరం అతికిన పొట్టి విల్లులు తర్వాత ఆస్థానాల్లో పేరు తెచ్చుకున్నాయి గానీ, వానాకాలంలో జిగురు వదిలిపోయే దేశంలో అడవి మనిషి నమ్ముకున్నది కర్రనూ వెదురునే.

ఒక భయం నాకూ ఉంది. అది మీకు రాకముందే నేనే చెబుతాను. విల్లు కర్ర వ్యాపారమైతే అడవిని తినేస్తుంది. ఇంగ్లండు రాజ్యం 1472లో ఒక చట్టం చేసింది. తమ రేవులకు వచ్చే ప్రతి ఓడా టన్ను సరుకుకు నాలుగు విల్లు కర్రలు తెచ్చి ఇవ్వాలని. వాళ్లకు కావలసింది యూ కర్ర. ఆ ఆకలికి తర్వాతి వందేళ్లలో బవేరియా, ఆస్ట్రియా కొండల్లో యూ చెట్లు తుడిచిపెట్టుకుపోయాయి. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకలో ఆ కర్ర విల్లులు వందకు పైగా దొరికాయి. బ్రెజిల్లో ఐపే అనే చెట్టుకు అక్కడివాళ్లు పెట్టుకున్న ఇంకో పేరుకు అర్థమే విల్లు కర్ర. అమెరికాలో విల్లు చేసేవాళ్లు దాని సన్నటి బద్దలకు వెదురు వీపు అతికి గొప్ప విల్లులు చేస్తారు. ఆ చెట్టును అడవుల్లోంచి ఊడ్చింది విల్లు కాదు, మేడల మీద పరిచే చెక్క. 2024 నవంబరు నుంచి దాని మీదా అంతర్జాతీయ ఆంక్షలు వచ్చాయి. ఇలాంటి చెక్కను ఓడలో తెప్పించి ఆళ్లగడ్డలో విల్లు చెక్కడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. అందుకే మీరు ఇచ్చే కర్ర అమ్మకానికి ఉండకూడదని నా మనవి. వేలం వద్దు, టెండరు వద్దు. చెక్కేవాడి పేరు, కర్ర లెక్క ఒక రిజిస్టరులో ఉంటే చాలు.

వెదురు విషయంలో మీ అనుమతి కన్నా మీ సాయం కావాలి. సాధనపు వెదురు, ఆ గట్టి మగ వెదురు, మన కొండల్లో పుష్కలం. ఒకప్పుడు లారీలకు లారీలు కాగితం మిల్లులకు పోయింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చింది. 2012లో సవరించిన నియమాల ప్రకారం దాన్ని తీసుకుపోవడానికి రవాణా పర్మిట్ ఇచ్చే పని గ్రామసభ కమిటీది. పుస్తకంలో ఇంత స్పష్టంగా ఉన్నది గూడెంలో అందరికీ తెలియదు. చెక్‌పోస్టులో కుర్చీ మీద కూర్చున్న కొత్త ఉద్యోగికీ తెలియకపోవచ్చు. రెండు వైపులా తెలిసేలా మీ కార్యాలయం నుంచి తెలుగులో ఒక పేజీ సర్క్యులర్ వస్తే సగం పని అయిపోతుంది. మూడేళ్లు నిండిన బొంగు, వానలు వెనకబట్టాక కొట్టింది కావాలి. లేతది ముడుచుకుపోతుంది, వానల్లో కొట్టింది పుచ్చిపోతుంది. ఈ మాటలు గూడెంలో ముసలివాళ్లు చెబుతారు, రాయించి పెట్టండి.

కలప దగ్గర చట్టం వేరు. వెదురు, పొదలు, మోళ్లు ఫలసాయంలో ఉన్నాయి గానీ కలప లేదు. జిల్లాలో నల్లమల చాలా భాగం పులుల అభయారణ్యం కిందో, గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం కిందో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధమంటే ఏమిటో చెప్పే జాబితాలో, ఇంగ్లీషు అక్షరక్రమం పుణ్యమా అని, తుపాకుల కన్నా ముందు విల్లమ్ములు ఉంటాయి. ముప్పై ఒకటో సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగుపెట్టకూడదు. ఇరవై తొమ్మిదో సెక్షన్ ఒక చిన్న తలుపు తెరిచి ఉంచింది: అభయారణ్యం బాగు కోసం తొలగించిన అటవీ ఉత్పత్తిని చుట్టుపక్కల జనం సొంత అవసరాలకు వాడుకోవచ్చు, వ్యాపారానికి కాదు. ఆ పైన 2000 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు అభయారణ్యాల్లోంచి ఎండిన, పడిపోయిన చెట్లను కూడా తీయకుండా ఆపింది. ఈ మూడూ ఎదురుగా పెట్టుకుని సంతకం చేయడానికి ఏ అధికారైనా వెనకాడతారు.

కాబట్టి అభయారణ్యం జోలికి పోకుండానే మొదలుపెడదాం. దాని బయట మీ చేతిలో ఉన్న రిజర్వు అడవులు, ప్లాంటేషన్లు, కాలువగట్లు, ఆళ్లగడ్డ మీదుగా పోయే నలభయ్యో నంబరు జాతీయ రహదారి పక్కన వెడల్పు కోసం కొట్టే చెట్లు, కరెంటువాళ్లు కొట్టే కొమ్మలు ఉన్నాయి. మొదటి కొన్నేళ్లకు అవి చాలు. అభయారణ్యపు ఫైర్‌లైన్లలో కొట్టిన కర్ర సంగతి మీ పైవాళ్లకు రాసి, గూడెం వాళ్ల సొంత వాడకానికి మాత్రం ఇవ్వొచ్చో లేదో తేల్చండి. కాదంటే కాదనే చెప్పండి. రాతలో కాదన్నా, ఏమీ చెప్పకుండా ఉండటం కన్నా మేలే.

విల్లు అంటే వేట గుర్తొస్తుంది. ఆ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. వేట హక్కు ఈ లేఖ అడగడం లేదు. అటవీ హక్కుల చట్టమే దాన్ని మినహాయించింది, మా శిక్షణలో దానికి చోటు లేదు. విల్లు మీద ముద్రవేసి, నంబరు రాసి, రిజిస్టరులో ఎక్కించండి, అభ్యంతరం లేదు. అడవిలో జంతువుల ప్రాణం తీస్తున్నవి తీగ ఉచ్చులూ కరెంటు తీగలూ అని నాకన్నా మీకే బాగా తెలుసు. ముప్పై మీటర్ల దూరంలో గడ్డి బొమ్మకు గురిపెట్టే పిల్లవాడు అడవికి కాపలాదారుడే అవుతాడు గానీ దొంగ కాడు.

ఇలాంటి సాయం మీ శాఖకు కొత్తేమీ కాదు. కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి, ఏటికొప్పాక బొమ్మకు అంకుడు, ఉదయగిరి గరిటెలకు అక్కడి కొండల్లో దొరికే నర్ది, బిక్కి, కల్ది కర్రలు, బొబ్బిలి వీణకు పనస. ప్రతి చేతిపనీ ఒకటి రెండు చెట్లను నమ్ముకుని బతుకుతోంది. ఆ చెట్టు దొరకడం కష్టమైనప్పుడల్లా ప్రభుత్వమే ఏదో ఒక దారి వెతకాల్సి వచ్చింది. విల్లుకు ఇంతవరకు ఎవరూ వెతకలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

ఎండబెట్టడం గురించి రెండు మాటలు, మీరు కర్ర ఇస్తే దాన్ని పాడుచేయమని భరోసా ఇవ్వడానికి. నంద్యాల ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. పచ్చి చిరిమానును ఆ ఎండలో పడేస్తే సాయంత్రానికి కొసలు నక్షత్రంలా పగులుతాయి. కొట్టిన గంటలోనే రెండు కొసలకూ మైనమో రంగో పూయాలి. ఏమీ లేకపోతే పేడ మెత్తాలి. సగం మందానికి చెక్కి, తిన్నటి దూలానికి కట్టి, గాలి ఆడే నీడలో ఉంచాలి. వేసవిలో విల్లు మరీ ఎండి పెళుసవుతుంది. ఆముదం పట్టిస్తూ ఉండాలి. అదే విల్లు విజయవాడ తీసుకుపోతే తేమ తాగి బద్ధకిస్తుంది. వింటి కొప్పులకు చింత చేవ ముక్కలు అతికితే తాడు కోయదు. ఇదంతా ఆళ్లగడ్డలో ఒక పాత షెడ్డులో జరిగే పనే. యంత్రాలు అక్కర్లేదు.

చివరగా నేల సంగతి. అహోబిలం దారిలోనో రుద్రవరం వైపో, అభయారణ్యం హద్దుకు బయట, ఒక ఎకరం చూపించండి. చరచి, చిరిమాను దగ్గర దగ్గరగా నాటి, మోడుకొట్టి పిలకలు తీసే తోటగా పెంచుదాం. గట్టు మీద సాధనపు వెదురు, కంచె వారగా అల్లెతాటికి చాగ. నర్సరీలో చరచి, చిరిమాను మొక్కలు పెంచడం మీ సిబ్బందికి చేతనైన పనే. ఇంతవరకు అడిగినవాళ్లు లేక పెంచి ఉండరు. కాపలా, నీళ్లు మా బడుల పిల్లలు, గూడెం వాళ్లు చూసుకుంటారు. కర్ర ఎంచడం నేర్పేందుకు చెంచు పెద్దలకు రోజుకూలీ లెక్క కాకుండా గురువులకిచ్చే గౌరవ వేతనం ఇవ్వాలి. శ్రీశైలం ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి గారికి ఈ లేఖ ప్రతి పంపుతున్నది ఆ ఒక్క సంగతి కోసమే.

తోట ఎదగడానికి ఏళ్లు పడుతుంది, ఫైర్‌లైన్ల పని మాత్రం ఈ చలికాలమే మొదలవుతుంది. ఆ పనికి పిలిచే కూలీలతో పాటు ఒక రోజు ఒక చెంచు పెద్దనూ, కర్ర తెలిసిన ఒక వడ్రంగినీ పిలిపించి, కుప్పలోంచి ఏరుకోనివ్వండి. ఏరినవాటికి కాగితం రాసివ్వండి. ఈ కనుమకు ముందే మీ జవాబు వస్తుందని ఎదురుచూస్తాను.

ఇట్లు,
ఆళ్లగడ్డ నుంచి, కర్ర విల్లులు చెక్కేవాడొకడు